చేతులు వెనక్కి పెట్టుకోమన్న ఖాలా

ఖాలా పోయిందన్న కబురు పొద్దున ఆరు కాకముందే వచ్చింది. కడపలో మా ఇంటి వంటగదిలో పొయ్యి మీద పాలు పెట్టి, ఒక చేత్తో గిన్నెలు సర్దుతూ ఇంకో చేత్తో ఫోనెత్తాను. ఒకేసారి రెండు పనులు చేయకపోతే నాకు ఊపిరాడదు. ఫోనులో ఖాలా తమ్ముడు. బద్వేలులో బండ్లకు పంక్చర్లు వేసే ఆయనతో నేను అంతకుముందు రెండే రెండుసార్లు మాట్లాడాను.

"అక్క పోయిందిమా," అన్నాడు. "తెల్లారి నమాజుకు లేసింది. చేతులూ కాళ్లూ కడుక్కోని వచ్చి చాప మీద కూసుంది. అంతే. కుట్టుమిషను పైన గోడకు నీ నంబరు రాసిపెట్టుండాది. అందుకే చేస్తాండా."

"జరీనా?" అన్నాను.

"ఈడనే ఉండాది. దానికేం తెలుస్తాది పాపం. మా ఇంటామె పక్కనే ఉండాదిలే. మేం చూసుకుంటాం. మధ్యాన్నం నమాజుకు ముందే తీస్కపోతాం. వచ్చేటట్టయితే తొందరగా రామా."

ఫోను పెట్టేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆయన మంచివాడు. మేం చూసుకుంటాం అన్న మాటను మనసారా అన్నాడు. ఖాలా బతికినన్నాళ్లూ భయపడింది సరిగ్గా ఆ మాటకే. ఎందుకో చెప్పాలంటే ముందు ఖాలా ఎవరో చెప్పాలి.

బద్వేలు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. కండక్టరు చూసి చూసి, "కూసోమ్మా, నువ్వు నిలబడుకుంటే బస్సేం జోరుగా పోదు," అన్నాడు. ఖాలా ఉంటే ఆయనకు టీ ఇప్పించేది. ఇదే మాటను ఆమె నాకు నాలుగు వేసవుల పాటు రకరకాలుగా చెప్పింది.

ఖాలా అంటే పిన్నమ్మో పెద్దమ్మో అని అర్థం. నాకు ఆమె రెండూ కాదు. నేను కర్నూలులో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం చూశాను. ఓర్వకల్లు దాటాక రాతిగుట్టల పక్కన వేసవిలో ఖాళీగా ఉండే ఒక హాస్టలులో, వికలాంగుల కోసం పది రోజుల క్యాంపు జరుగుతుందని, కౌన్సెలర్లు కావాలని దాని సారాంశం. సెలవుల్లో ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు కాబట్టి పేరిచ్చాను. అక్కడికి పోయాక తెలిసింది, కౌన్సెలర్ అన్న మాట కాగితంలో తప్ప ఎవరి నోటా రాదని. మమ్మల్ని 'తోడు' అనేవాళ్లు. ఒక మనిషికి ఒక తోడు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ మనిషి వెంటే ఉండాలి. ఆడవాళ్ల వైపు తోడులందరికీ పెద్ద ఖాలా. బద్వేలులో జాకెట్లూ పంజాబీ డ్రస్సులూ కుట్టే మనిషి, ఏటా ఆ పది రోజులూ మిషనుకు గుడ్డ కప్పి వచ్చేది. అక్కడ హిందువులూ ముస్లిములూ అందరికీ ఆమె ఖాలాయే.

పొట్టి మనిషి. కళ్లద్దాల కాడ ఒకటి ఊడితే నల్లదారం చుట్టి అతికించుకుంది. భుజం మీద దుపట్టాకు దారం ఎక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉండేది. టీ సాసర్లో పోసుకుని తాగేది, అది కూడా నడుస్తూనే. ఆమె కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని హాస్టలు చుట్టూ ఒక చుట్టు తిరిగివచ్చేసరికి అన్నం అయిపోయేది. అలాంటి మనిషి మాకు నేర్పింది మాత్రం కదలకుండా ఉండటం.

మొదటి రోజు పొద్దున కొత్త తోడులందరినీ వరండాలో నిలబెట్టింది. "ఈ పొద్దంతా మీ చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది. "ఎవురైనా పడిపోతాంటే పట్టుకోండి. అది తప్ప ఇంగ దేనికీ చేతులు ముందుకు రాకూడదు. అడిగితే చెయ్యండి. అడక్కముందు చూడండి."

మాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి ఏడుపొచ్చింది. చూపు లేని ఆమె ఒకరు చెంబు కోసం గోడంతా తడుముతోంది, చెంబు జానెడు దూరంలో ఉంది. ఇంకొకామె చక్రాల కుర్చీలోంచి వంగి కింద పడిన దువ్వెన తీసుకోవడానికి పదిసార్లు చేయి చాచింది. నా చేతులు నా మాట వినలేదు. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రానికి మణికట్టు మీద నా గోళ్ల గుర్తులు పడ్డాయి. చెంబు కోసం వెదికిన ఆమె చివరికి దాన్ని పట్టుకుని నీళ్లు తాగి, నేను ఎక్కడ నిలబడ్డానో కనిపెట్టి, "శానా ఊపిరి పీలుస్తాండావు పాపా, పోయి పడుకో," అంది.

రెండో రోజు చేతులకు విడుదల దొరికింది. ఆ ఆనందంలో నేను చేసిన పని క్యాంపులో చాలా ఏళ్లు చెప్పుకున్నారు. భోజనాల వేళ హాలు ముందు చెప్పులు చిందరవందరగా పడి ఉంటే, మా అమ్మ పెంపకం గుర్తొచ్చి, అన్నిటినీ జతలు కలిపి గోడ వెంబడి చక్కగా వరుసగా పెట్టాను. భోజనాలయ్యాక చూపు లేనివాళ్లంతా ఒక్కసారే బయటికి వచ్చారు. ఎవరి చెప్పులు ఎక్కడ విడిచారో వాళ్ల పాదాలకు తెలుసు. ఆ చోట చెప్పులు లేవు. ఓర్వకల్లు ఎండ, సిమెంటు నేల. ఆదోని వైపు నుంచి వచ్చిన అంజనప్ప అనే పెద్దాయన వట్టికాళ్లతో గంతులు వేస్తూ, "నా చెప్పులు యాడికి పోయినాయప్పా, ఈడనే గదా ఉండె," అంటుంటే నేను వరుస వైపు చూపిస్తూ నిలబడ్డాను, ఆయనకు నా వేలు కనబడదన్న సంగతి కూడా మరిచిపోయి.

ఖాలా తిట్టలేదు. నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. "మంచి చేతులే," అంది. "పెండ్లయితే ఆ పిల్లోని చొక్కా గుండీలు గూడా నువ్వే పెడతావు. వాడు పారిపోతాడు చూడు." తర్వాత మెల్లగా అంది: "తొందర నీది బేటీ, పని వాళ్లది. రెండూ కలపొద్దు." అంజనప్ప ఆ సాయంత్రమే నన్ను క్షమించాడు. గుట్టల మీదుగా పోయే విమానాన్ని అందరికంటే ముందు పసిగట్టేది ఆయనే. చేయెత్తి "వస్తాంది" అనేవాడు. మేమంతా ఆకాశంలో వెదికి వెదికి చాలాసేపటికి చూసేవాళ్లం. ఆరోజు నన్ను పక్కన నిలబెట్టుకుని, విమానం ఏ దిక్కున ఉందో చూపించాడు.

ఇక జరీనా. నాకు అప్పజెప్పిన మనిషి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, నవ్వితే చిన్నపిల్ల. మాటలు తక్కువ. ఎడమచేయి వేళ్లు సరిగా వంగవు, చెప్పింది మనసుకెక్కడానికి కాస్త సమయం కావాలి. అన్నం తింటుంది, తల దువ్వుకుంటుంది. రానిది ఒక్కటే, సల్వారు నాడా కట్టుకోవడం. నడుము దగ్గర ఆ తాడుకు ముడి వేయడం. చూపున్నవాళ్లకూ చేతులున్నవాళ్లకూ అది పనిలాగే అనిపించదు. ముప్పై ఏళ్లకు దగ్గరైన ఆడమనిషి రోజూ ఇంకొకరి ముందు నిలబడి అది కట్టించుకోవడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఈ సంగతి రాయవచ్చునా అని జరీనాను ఫోనులో అడిగాను. "రాయి," అంది.

ఆ క్యాంపులో జరీనాతో నా పని పొద్దున ఆ ముడి దగ్గరే మొదలయ్యేది. ఆమె మంచం అంచున కూర్చుని, తాడు రెండు కొసలూ పట్టుకుని, ఒకదాని మీదుగా ఒకటి వేసి, కింది నుంచి తీయబోయి జారవిడిచేది. మళ్లీ మొదలు. ఎప్పుడూ కిటికీ వైపు తిరిగే కూర్చునేది. ఆ కిటికీ రెక్కకు ఒక చెక్క విరిగి, చేయి పట్టేంత సందు ఉండేది. వెలుతురు కోసం అటు తిరుగుతోందని అనుకున్నాను. నేను గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, లోపల్లోపల వెయ్యి లెక్కపెట్టేదాన్ని. బయట అందరూ టిఫిను తిని పాటలకు కూర్చునేవాళ్లు. మేమింకా ముడి దగ్గరే ఉండేవాళ్లం. చివరికి ఆమె "కట్టు" అని అడిగేది, నేను కట్టేదాన్ని.

ఒక విషయం నాకు వింతగా తోచేది. ఖాలా అన్ని గదులకూ వచ్చేది, మా గదికి తప్ప. ఎదురుపడినప్పుడు జరీనా ఆమెను "ఖాలా" అని పిలిచి పడీపడీ నవ్వేది. ఆరో రోజు పొద్దున జరీనా ముడితో కుస్తీ పడుతుంటే, తాగడానికి నీళ్లు తేవడానికి వంటశాల వైపు పోయాను. మా కిటికీకి ఎదురుగా, వంటశాల పక్క సందులో ఖాలా నిలబడి ఉంది. చేతులు వెనక్కి. కుడిచేయి ఎడమ మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల కింద చర్మం తెల్లబడింది.

"ఈడేం చేస్తున్నారు ఖాలా?" అన్నాను.

"మెల్లగా," అంది. "నా గొంతు వినిందంటే ముడి వదిలేస్తాది. లేసి నా దగ్గరికి వచ్చేస్తాది. అది నా కూతురు."

నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సంవత్సరమంతా తల్లీకూతుళ్లు ఒక్క గదిలో ఉంటారు. ఈ పది రోజులు మాత్రం ఖాలా కూతుర్ని ముక్కూమొహం తెలియని కాలేజీ పిల్లకు అప్పజెప్పి, దూరంగా ఉండేది. ఇక్కడ నేను అందరికీ ఖాలాను, నీకూ ఖాలానే అని జరీనాకు ముందే చెప్పిందట. జరీనాకు అదొక ఆట. ఆటే కదా అని తల్లి కూడా నవ్వేది. మాకు మొదటి రోజు పెట్టిన ఆ శిక్షను ఆమె పది రోజులూ పెట్టుకునేదని ఆ పొద్దున తెలిసింది. ఆమె ఒక్కచోట నిలబడగా నేను చూసింది కూడా ఆ సందులోనే.

అంత చూసి కూడా మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు నరుక్కోవాలనిపిస్తుంది. ఏడో రోజు అందరినీ బస్సులో కర్నూలుకు, తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోతున్నారు. ఎండ ఎక్కకముందే బయల్దేరాలి. బస్సు నిండింది. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. జరీనా ముడి దగ్గరే ఉంది. ఆరోజు మొదటిసారి కొస కింది నుంచి అవతలికి వచ్చింది. ఇంకొక్క లాగుడు. ఆమె నాలుక బయటపెట్టి, కళ్లు చిన్నవి చేసి చూస్తోంది. హారను మళ్లీ మోగింది. నేను వంగి, ఆ రెండు కొసలూ లాక్కుని, చిటికెలో ముడి వేసేసి, "పదపద" అన్నాను.

జరీనా బస్సెక్కింది. నది ఒడ్డున అందరూ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కేరింతలు కొడుతుంటే చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున మంచం అంచున కూర్చుని, తాడు కొసలు ముట్టుకోకుండానే, "కట్టు," అంది. ఆ మర్నాడూ అంతే. కిటికీ వైపు కూడా తిరగలేదు.

ఖాలాకు నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నం నన్ను వరండాలో ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నా కోసం ఆమె కూర్చుంది. భుజం మీది సూది తీసి, దారం ఊడలాగి, రెండూ నా చేతిలో పెట్టింది.

"ఎక్కించు," అంది.

దారం కొస తడి చేసి, సూదిని వెలుతురులో పెట్టి, బెజ్జంలో దూర్చబోతుంటే నా చేతిలోంచి తీసేసుకుంది. "ఎండ శానా ఉండాది, నీకెందుకమ్మా శ్రమ," అని ప్రేమగా అంటూ తానే ఎక్కించింది. మళ్లీ ఊడలాగి నాకిచ్చింది. మళ్లీ దూరబోతుండగా, "నీకు చేత కాదులేమ్మా, ఇట్ల తే," అని తీసుకుంది. మూడోసారి, "ఆలస్యమైతాంది బంగారూ," అంది. నాలుగోసారి సూది ఇచ్చినప్పుడు నేను దాన్ని పక్కన పెట్టేశాను.

"యాల పెట్టేసినావు?"

"ఎట్లాగూ మీరే ఎక్కిస్తారు గదా."

"ఊఁ," అంది. నా నోటి వెంట వచ్చిన మాట అప్పుడు నాకే వినబడింది.

"ఇరవై ఎనిమిదేండ్లు నేనూ అదే చేసినా బేటీ," అంది తర్వాత. "నిన్ను అనేదానికి నాకు నోరెక్కడిది? ప్రేమే గదా అనుకున్నా. నేను పోయినాంక దీనికి బువ్వ పెట్టేవాళ్లు ఉండారు. నా తమ్ముడుండాడు, వాని పెండ్లాం బంగారం మాదిరి మనిషి. తిట్టరు, కొట్టరు, యాడికీ పంపరు. శానా బాగా చూసుకుంటారు. అదే నా భయం. తల దువ్వుతారు, నోట్లో ముద్ద పెడతారు, నాడా కడతారు. ఈడ పది దినాల్లో నేర్చుకున్నేది ఆడ రెండు దినాల్లో పోతాది. అది చేతులు రెండూ ఒళ్లో పెట్టుకోని కూసుంటాది, బతికినన్నాళ్లు."

కన్నబిడ్డను లోకం సరిగా చూసుకోదేమోనని భయపడే తల్లుల్ని ఆ క్యాంపులో చాలామందిని చూశాను. మరీ బాగా చూసుకుంటారేమోనని భయపడిన తల్లిని ఒక్కర్తినే చూశాను.

ఆ సాయంత్రం నేను జరీనా ముందు నేల మీద కూర్చుని, "తప్పు చేశాను. నీ ముడి లాక్కున్నాను. ఇంక లాక్కోను," అన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసి, నా రెండు చేతులూ పట్టుకుని నా వెనక్కి నెట్టింది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగింది. క్యాంపు ఆఖరి రోజు పొద్దున, అందరూ పెట్టెలు సర్దుకుంటుండగా, ముడి పడింది. నేను అరవలేదు, చప్పట్లు కొట్టలేదు, గోడకు ఆనుకుని ఏడ్చాను. జరీనా నేరుగా వరండాలోకి పోయి ఖాలా ముందు నిలబడింది. కుర్తీ అంచు పైకెత్తి ముడి చూపించింది. ఖాలా కళ్లద్దాలు సర్దుకుని, దర్జీ మనిషి కదా, కుట్టు చూసినట్టు చూసింది. కొస పట్టుకుని గట్టిగా ఒకసారి లాగింది.

"ఊడదు," అంది.

గిర్రున తిరిగి వంటశాల వైపు నడిచింది, చాలా వేగంగా.

ఆ తర్వాత మూడు వేసవులు నేను పోయాను. ఉద్యోగం వచ్చి కడప చేరాక మానేశాను. ఏటా ఎండలు మొదలవుతుండగానే ఖాలా ఫోను చేసేది, "ఈ తూరి వస్తాండావా?" అని. సెలవు దొరకదనేదాన్ని. సరేలే అనేది. ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. ఇంక ఆ ఫోను రాదు. అడగనిదే ముందుకు రాకూడదని నేర్పిన మనిషి ఇన్నేళ్లు నోరు తెరిచి అడిగింది, నేను పోలేదు. ఈ ముక్క రాసి రెండుసార్లు లేచి ఇల్లంతా తిరిగివచ్చాను.

బద్వేలు చేరేసరికి పదకొండు దాటింది. ఇంటి ముందు గుడ్డ పందిరి వేసి మగవాళ్లు కూర్చుని ఉన్నారు. లోపల ఆడవాళ్లు ఖాలాకు స్నానం చేయించి తెల్లగుడ్డలు చుట్టారు. ఆ స్నానంలో జరీనా చేతికి కూడా ఒక చెంబు ఇవ్వాలని ఖాలా ఎప్పుడో చెప్పిపెట్టిందట. ఇచ్చారు. తల్లి మీద నీళ్లు పోసీ పోసీ తాను కూడా తడిసి ముద్దయింది జరీనా. నన్ను చూసి, "వచ్చినావా," అంది. నిన్నగాక మొన్న విడిపోయినట్టు.

ముమాని, అంటే జరీనా మేనమామ భార్య, పొడిబట్టలు పట్టుకుని జరీనాను లోపలి గదిలోకి తీసుకుపోయింది. సాయానికి నేనూ వెంట పోయాను. కుట్టుమిషను ఆ గదిలోనే ఉంది, గుడ్డ కప్పి. పైన గోడకు బొగ్గుతో రాసిన నా నంబరు. ముమాని కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. ఖాలా చెప్పిన మాట నిజమే, ఆమె బంగారం లాంటి మనిషి. జరీనా ఒళ్లు తుడిచింది, కుర్తీ తొడిగింది, సల్వారు ఎక్కించింది. నాడా కొసలు అందుకోబోయింది.

"నేను," అంది జరీనా, మిషను ముందున్న పీట మీద కూర్చుని కొసలు పట్టుకుంటూ.

"ఈ పొద్దు వద్దులేమ్మా. నేను కడతాగా. మీ అమ్మను ఆఖరుసారి చూసుకోవల్లగదా, ఆలస్యమైతాంది."

బయట నుంచి మేనమామ గొంతు వినిపించింది. "లోపల ఏమైంది? నమాజు టైమైతాంది. లేపాల."

జరీనా చేతులు కొసలను వదిలాయి. మెల్లగా కిందికి దిగి, ఒళ్లోకి పోయాయి. నాకు డ్రైవరు హారను వినిపించింది, పద్నాలుగేళ్ల కిందటిది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఆ ఇల్లు నాది కాదు, ఆ చావు నాది కాదు, ఆ పద్ధతులు నాకు తెలియవు. కానీ ఎవరైనా పడిపోతుంటే పట్టుకోమంది ఖాలా. నేను ముమాని చేయి పట్టుకున్నాను.

"ఆమెనే కట్టుకోనివ్వండి," అన్నాను. "ఖాలా అట్లా చెప్పింది."

"ఇప్పుడా?" అంది ముమాని. ఆమె గొంతులో కోపం లేదు, దిక్కుతోచనితనం ఉంది. "బయట జనాజా ఆగిపోయిందమ్మా."

"ఇప్పుడే."

ముమాని నన్ను చూసింది, జరీనాను చూసింది. ఆమె చేయి నా చేతిలో కాసేపు గుంజుకుని, తర్వాత వదులైంది. జరీనా మళ్లీ కొసలు అందుకుంది. మొదటిసారి జారింది. రెండోసారి కొస కింది నుంచి వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. తడి జుట్టులోంచి నీళ్లు చేతుల మీద పడుతున్నాయి. బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో చెప్పులు తొడుక్కున్న చప్పుడు. నా చేతులు నా వీపు వెనక ఒకదాన్నొకటి విరుచుకుంటున్నాయి. పక్కన ముమాని పెదాలు కదులుతున్నాయి, దువా చదువుతోందో, లెక్కపెడుతోందో. మేనమామ మళ్లీ పిలిచాడు. అప్పుడు ముమాని పరదా దగ్గరికి పోయి, నేను ఎన్నడూ మరిచిపోలేని మాట అంది.

"ఉండండి. బిడ్డ తయారైతాంది."

ఖాలా జనాజా ఒక ముడి కోసం ఆగింది. పందిరి కింద అంతమంది మగవాళ్లు ఎందుకు ఆగారో తెలియకుండా ఎండలో ఆగారు. మూడోసారి కొస అవతలికి వచ్చింది. జరీనా లాగింది. కొస పట్టుకుని గట్టిగా ఇంకోసారి లాగి చూసుకుంది.

"ఊడదు," అంది.

ఖాలా పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఈలోపు బద్వేలుకు తొమ్మిదిసార్లు ఫోను చేశాను. నిన్న ముమాని విసిగిపోయి, "కట్టుకుంటాందిలేమ్మా. నేను వంటింట్లో నిలబడుకోనుంటా, ముట్టుకోను. నువ్వు కాస్త నిమ్మళంగా ఉండు," అంది. ఆ ఫోను పెట్టాక చాలాసేపు నవ్వాను, ఏడ్చాను. మూడు వారాల్లో ఓర్వకల్లులో క్యాంపు మొదలు. సెలవు చీటీ రాసి ఇచ్చాను. ఈసారి నన్నెవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ముడి వేసుకున్నాక జరీనా బయటికి వచ్చి తల్లి ముఖం చూసింది. ఏడవలేదు. మగవాళ్లు వచ్చి జనాజా ఎత్తారు. ఆడవాళ్లంతా ఒక్కపెట్టున గొల్లుమన్నారు. వెంటపడి పోతుందేమోనని ఇద్దరు ముసలమ్మలు జరీనా భుజాలు పట్టుకోబోయారు. ఆమె పోలేదు. గడప దగ్గర ఆగిపోయి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కుడిచేత్తో ఎడమ మణికట్టును పట్టుకుంది, వేళ్ల కింద చర్మం తెల్లబడేంత గట్టిగా.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆ పట్టు నాకు తెలుసు. వంటశాల సందులో నిలబడ్డ తాను కూతురికి కనబడనని ఖాలా చివరిదాకా అనుకుంది. కిటికీకి చెక్క విరిగి ఉంది కదా, జరీనా రోజూ అటే తిరిగి కూర్చునేది కదా. వీధి మలుపులో జనాజా కనుమరుగయ్యేదాకా ఆమె అలాగే నిలబడి చూసింది, తల్లి తనను చూసినట్టు.